‘రెండోసారి ఇస్తే తీసుకోబాకండి’: నెల్లూరులో ఒక అల్జీమర్స్ కేసు

69 ఏళ్ల పురుషుడు, పాత ఎస్సెల్సీ. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక రైస్‌మిల్లు గుమాస్తాగా జీవితమంతా పనిచేసి మూడేళ్ల కిందట మానేశారు. బీపీ ఉంది, షుగరు లేదు. చుట్ట, మందు అలవాట్లు లేవు. భార్య, కొడుకు, కోడలు, పెళ్లీడుకొచ్చిన మనవరాలు ఒకే ఇంట్లో ఉంటారు; కూతురు చెన్నైలో. ఏడాదిన్నరగా మతిమరుపు పెరుగుతోంది.

జబ్బు మామూలుదే. మన దేశంలోని పెద్దవయసువాళ్ల మతిమరుపు జబ్బులపై జరిగి 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం లెక్కన మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించిపోయే జబ్బు ఉంది. అందులో పెద్ద వాటా అల్జీమర్స్‌దే. నెల్లూరులో ఏ వీధి తీసుకున్నా ఒకరిద్దరు తేలతారు. కాకపోతే తమ జబ్బు పేరు తమకు తెలిసినవాళ్లు నా అనుభవంలో బహు తక్కువ. ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, పక్కింటివాళ్లకీ తెలుస్తుంది, ఆ మనిషికి తప్ప. ఈయనకు తెలుసు. తెలియడం వల్ల ఏం వీలైందో, దానికి ఎంత మూల్యం పడిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. రాస్తానన్నప్పుడు ఆయనే “రాసుకోమ్మా, పేరు మాత్రం వద్దు” అన్నారు. అందుకే గుమాస్తా గారనే అంటాను. ఊరూ వృత్తీ అలాగే ఉంచి, మిగిలిన గుర్తులు కొన్ని మార్చాను.

మొదట పసిగట్టింది ఆయనే

సాధారణంగా అల్జీమర్స్ రోగిని ఇంట్లోవాళ్లు లాక్కొస్తారు, ఆయన “నాకేం రోగం, వీళ్లదంతా చాదస్తం” అంటాడు. ఇక్కడ తిరగబడింది. కొడుకు “వయసు మీద పడితే అందరికీ ఉండేదే గదా మేడం” అంటుంటే, గుమాస్తా గారు చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి నా బల్ల మీద పెట్టారు.

మిల్లులో చిట్టా, ఆవర్జా రాసిన చెయ్యి. రోజూ ఖర్చు రాయందే ఆయనకు నిద్రపట్టదు. ఆ పుస్తకంలో ఒక పేజీ చూపించారు. చీటీ వాయిదా కట్టినట్టు పొద్దున ఒక పద్దు. కింద పాల డబ్బులు, కూరగాయలు. మళ్లీ అదే చీటీ, అదే మొత్తం. ఇంకో రెండు పద్దుల తర్వాత మూడోసారి. మూడూ ఒకే గుండ్రటి రాత, ఒకే నీలం సిరా. “రాతేమో నాదే అమ్మా. రాసినట్టు మాత్రం గుర్తులేదు. చీటీ ఆయన మంచోడు కాబట్టి మూడోది తిరిగిచ్చేశాడు. రెండోది ఏమైందో ఆ దేవుడికే తెలియాల” అన్నారు.

ఇంకో సంగతి భార్య చెప్పారు. ఆత్మకూరు బస్టాండు దగ్గర స్కూటరు ఆపి, ఇంటికి ఎటు పోవాలో తెలియక నిలబడిపోయారట. ఎన్నో ఏళ్లు రోజూ తిరిగిన దారి అది. తెలిసినవాళ్లు చూసి తీసుకొచ్చారు. ఆ సంగతి ఆయన పుస్తకంలో లేదు.

ఇలాంటి కేసుల్లో ముందు బాగుచేయగలిగిన కారణాలు వెతకాలి. థైరాయిడ్, బీ12, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు, తలకు స్కాను, కుంగుబాటు ఉందేమో చూడటం. వీటన్నిటికంటే ముందు, వాడే మందుల సంచీ మొత్తం బల్ల మీద కుమ్మరించమంటాను. ఈయన సంచీలో రెండు అనుమానాస్పదులు దొరికాయి. ఒకటి అల్ప్రాజోలం. ఎవరూ రాసివ్వలేదు, నిద్ర పట్టడం లేదంటే మెడికల్ షాపులో ఇచ్చారు. రెండోది జలుబుకని నెలల తరబడి వేసుకుంటున్న పాతరకం అలర్జీ మాత్ర. ముసలి మెదడుకు రెండూ మబ్బు పట్టించేవే. అల్ప్రాజోలం మెల్లగా తగ్గించి ఆపాం. ఒక్కసారిగా ఆపితే వేరే తంటాలు. బీ12 తక్కువుంది, ఇంజెక్షన్లు ఇచ్చాం. మూడు నెలలు ఆగి మళ్లీ చూశాం. మగత తగ్గింది, నడకలో చురుకుదనం వచ్చింది. జ్ఞాపకం మాత్రం అంగుళం కదల్లేదు.

పుట్టి లెక్క

పరీక్షల దగ్గర ఈ కేసులో ఒక మెలిక ఉంది. జ్ఞాపకం, లెక్క, తేదీ లాంటివి చూసే ముప్ఫై మార్కుల ఎంఎంఎస్‌ఈ పరీక్షలో నూరులోంచి ఏడేసి తీసివేస్తూ పొమ్మంటాం. ఆయన నవ్వి, గుక్క తిప్పుకోకుండా అరవై అయిదు దాకా దిగిపోయారు. “ఇది చిన్నపిల్లోళ్ల లెక్క గదమ్మా, ఇంకోటి అడగండి” అన్నారు. సరదాకి, పుట్టి ధాన్యం ఇరవై వేలైతే కిలో ఎంత పడుతుందని అడిగాను. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. కళ్లు ఒకసారి పైకెత్తి దించి “ఇరవై మూడున్నర చిల్లర” అన్నారు. కాలిక్యులేటరు కొడితే 23.53 వచ్చింది.

అయిదు నిమిషాల ముందు చెప్పిన మూడు మాటలు మాత్రం ఒక్కటీ రాలేదు. ఒకటి పండు పేరు అని సూచన ఇచ్చినా రాలేదు. నాలుగు పేర్లు చదివి ఇందులో ఏదో చెప్పండి అన్నా, గురి లేకుండా ఒకటి అనేశారు. తేదీ తప్పింది. మొత్తం 30కి 26. కాగితం మీద చూస్తే ఫరవాలేదనిపించే మార్కు. జీవితమంతా లెక్కలు చేసినవాడికి లెక్క చివరిదాకా నిలబడి, లోపల జరిగే నష్టాన్ని కప్పేస్తుంది. అందుకే హైదరాబాద్ నిమ్స్ వైద్యులు తెలుగుకు మలిచిన, ఇంకాస్త వివరంగా చూసే అడెన్‌బ్రూక్స్ పరీక్ష కూడా చేశాం. అందులో జ్ఞాపకం భాగం బాగా పడిపోయింది. పదకొండు గంటల పది నిమిషాలు చూపే గడియారం గీయమంటే అంకెలు పొందికగా వేసి, ముళ్లు పది మీదా పదకొండు మీదా పెట్టారు.

సూచన ఇచ్చినా గుర్తురాకపోవడం ముఖ్యమైన ఆనవాలు. కుంగుబాటు వల్ల వచ్చే మతిమరుపులో విషయం లోపల ఉంటుంది, బయటికి తీయడమే కష్టం. కాస్త అందిస్తే దొరుకుతుంది. ఈయన విషయంలో అది లోపలికి వెళ్లనే లేదు. ఎమ్మారైలో కొత్త జ్ఞాపకాలను నిలవచేసే హిప్పోక్యాంపస్ రెండు వైపులా కుంచించుకుపోయి కనిపించింది. గడ్డలు, రక్తం పేరుకోవడం, నీరు చేరడం లేవు. పని తీరు, చరిత్ర, పరీక్షలు అన్నీ కలిపి తొలిదశ అల్జీమర్స్ అని నిర్ధారించాను. కొడుకు చెన్నైలో ఇంకొకరికి చూపించుకొస్తామన్నాడు. మంచిదే అన్నాను, నెల్లూరులో పెద్ద జబ్బంటే చెన్నై రైలెక్కడం రివాజు. అక్కడా అదే చెప్పారు.

‘ఆ పేరు చెప్పబాకండి’

రిపోర్టులు తీసుకొచ్చిన రోజు గుమాస్తా గారిని బయట కూర్చోబెట్టి కొడుకు ఒక్కడే లోపలికొచ్చాడు. “నాయనకి ఆ పేరు చెప్పబాకండి మేడం. తట్టుకోలేడు. నరాల వీకు అని చెప్పండి, చాలు.” ఇంకో కారణం కాసేపటికి బయటపడింది. మనవరాలికి కావలి నుంచి సంబంధం మాటల్లో ఉంది. తాతకు మతి చెడిందని తెలిస్తే వంశంలో ఉందంటారని భయం.

ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు, లెక్కగట్టి చూపాలి. ఒకే జన్యువు ద్వారా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నేరుగా దిగే రకం అల్జీమర్స్ మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. అది సాధారణంగా 65 లోపే మొదలవుతుంది. 67 దాటాక మొదలైన తాత జబ్బు మనవరాలి జాతకంలో రాసి ఉండదు. ఏపీఓఈ4 లాంటి జన్యువులు ప్రమాదాన్ని కొంత పెంచుతాయి, అంతే. ఇక తట్టుకోలేడన్న మాటకు నా జవాబు ఒక్కటే: ఆ నోటుపుస్తకం తెచ్చింది ఎవరు? మీకంటే ముందు ఆయనకే అనుమానం వచ్చింది. పేరు దాస్తే భయం పోదు, దాంతో ఆయన ఒంటరిగా మిగిలిపోతాడు.

అయినా నేనే దూకి చెప్పేయను. లోపలికి పిలిచి, తనకేమనిపిస్తోందని అడిగాను. “పిచ్చి పడతా ఉండాదా అమ్మా?” అన్నారు. కాదన్నాను. రిపోర్టులో ఏముందో మొత్తం చెప్పమంటారా, కొంత చాలంటారా, లేక అబ్బాయితో మాట్లాడమంటారా అని అడిగాను. “లెక్క నాది. నాకే చెప్పాల” అన్నారు.

చెప్పాను. జబ్బు పేరు, అది మెదడులో ఏం చేస్తుంది, నయం చేసే మందు లేదు, నెమ్మదింపజేసే ప్రయత్నం ఉంది, ఇప్పుడు చేయగలిగినవి చాలా ఉన్నాయి. చెప్పి ఊరుకున్నాను. భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కాసేపటికి “ఇంకెన్నాళ్లు?” అన్నారు. నిర్ధారణ తర్వాత సగటున నాలుగు నుంచి ఎనిమిదేళ్లు అంటారు, ఇరవై ఏళ్లు బతికినవాళ్లూ ఉన్నారు, మీ విషయంలో తేదీ నేను చెప్పలేనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “బతికేది కాదమ్మా. లెక్కలు ఎన్నాళ్లు చూసుకోగలను?”

నిజానికి వైద్యులుగా మేం దాటేసే ప్రశ్న ఇదే. ఏడాది, రెండేళ్లు నమ్మకంగా అనుకోవచ్చు, ఆ తర్వాతది చూసుకుంటూ పోవాలన్నాను. ఆ రోజే పుస్తకంలో ‘అల్జీమర్స్’ అని తెలుగులో రాయించుకుని, కింద తేదీ వేసుకున్నారు. పెద్దోళ్లకి కూడా వస్తుందా అంటే రీగన్ గురించి చెప్పాను. అమెరికా మాజీ అధ్యక్షుడు 1994 నవంబరు 5న తన చేత్తో ఉత్తరం రాసి తన జబ్బు దేశానికి చెప్పుకున్నాడు, 2004 దాకా బతికాడు. “ఆయనకి దేశముంది, నాకు బజారుంది” అన్నారు. అప్పుడది వేళాకోళం అనుకున్నాను.

ముందు కాగితాలు

ఇంట్లో అందరూ పవర్ ఆఫ్ అటార్నీ రాయించేస్తే సరిపోతుందనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, లాయర్లలో కొందరితో సహా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం అధికారం ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారం కూడా రద్దవుతుంది. ఏ రోజు కోసం రాయించుకుంటామో సరిగ్గా ఆ రోజు అది చెల్లదు. కాబట్టి తెలివి నిలకడగా ఉండగానే వీలునామా, బ్యాంకు ఖాతాల్లో రెండో పేరు, నామినీలు తేల్చుకోవాలి. జబ్బు పేరు రోగికి చెప్పకుండా ఇవన్నీ ఎలా చేయిస్తారు? ‘ఊరికే సంతకం పెట్టు నాయనా’ అని చేయించిన కాగితాలు తర్వాత అన్నదమ్ముల కోర్టు కేసులవుతాయి.

ఇల్లు తన పేరిట గిఫ్టు సెటిల్‌మెంటు చేయమని కొడుకు అడిగాడు. దురాశ ఏమీ లేదు, పని తేలికవుతుందని. నాకు ఆ ఆలోచన నచ్చలేదు. రాయాల్సివస్తే తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలని, చూసుకోకపోతే గిఫ్టు రద్దు చేయించుకునే వీలిచ్చే 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షను అప్పుడే గట్టిగా అక్కరకొస్తుందని చెప్పి, లాయరు దగ్గరకు పంపాను. గుమాస్తా గారు గిఫ్టు వద్దని, వీలునామానే రాశారు: భార్య బతికినంత కాలం ఇంట్లో ఆమెకు హక్కు, తర్వాత కొడుక్కీ కూతురికీ. ఇద్దరు సాక్షులు ఉంటే చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, అయినా చేయించారు. ఆ రోజు పొద్దున నేను చూసి, తన ఆస్తి ఏమిటో, వారసులెవరో, ఏం రాస్తున్నాడో ఆయనకు స్పష్టంగా తెలుసని సర్టిఫికెట్ ఇచ్చాను. ఆస్తి వివరాల్లో సర్వే నంబరు కూడా ఆయన నోటితోనే చెప్పారు, నేను దస్తావేజుతో సరిచూసుకున్నాను.

2017 మానసిక ఆరోగ్య చట్టం కింద, తాను నిర్ణయించుకోలేని స్థితిలో తన తరఫున మాట్లాడేవాళ్లను తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నియమించుకోవచ్చు. ఆయన కొడుకును కాకుండా కోడలి పేరు రాశారు. కొడుక్కి కాస్త నొచ్చింది. కారణం అడిగితే “వాడికి కోపమెక్కువ, ఆ పిల్లకి ఓపికెక్కువ” అన్నారు. వెంటిలేటరు, ముక్కులోంచి గొట్టం వద్దని లివింగ్ విల్ కూడా రాశారు. సుప్రీంకోర్టు 2023లో పద్ధతి సులువు చేశాక నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే సరిపోతోంది.

బజారులో

వేళాకోళం కాదని తర్వాత తెలిసింది. ఒక పొద్దున ఆయన చీటీ నడిపే ఆయన దగ్గరకు, పాలబూత్‌కు, కిరాణా కొట్టుకు, పాత మిల్లుకు వరసగా వెళ్లి నిలబడి చెప్పొచ్చారు. “నాకు అల్జీమర్స్ అని మతిమరుపు జబ్బు వచ్చింది. రెండోసారి డబ్బులిస్తే తీసుకోబాకండి. యాడన్నా దారి తప్పి కనపడితే ఈ నంబరుకి ఫోన్ చేయండి.” మనవరాలి చేత నంబరు చీటీలు రాయించి పంచారు.

కొడుకు మండిపడ్డాడు. ఆయన వెనక్కి తగ్గలేదు. దాంతో ఒరిగిందేమిటో నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు: అంతకుముందు ఇంట్లోవాళ్లు ఒంటరిగా కదలనివ్వని మనిషి ఆ తర్వాత చాలా నెలలు ఒంటరిగా బజారుకు వెళ్లొచ్చారు. కాఫీ తాగి డబ్బులిచ్చి, మళ్లీ ఇవ్వబోతే “అయిపోయింది అన్నా, రేపిద్దువు” అని పంపేసేవాళ్లు. మందు చేయలేని పని అది.

అందరూ అలాంటివాళ్లే ఉండరు. చేబదులుగా కొంతమందికి ప్రోనోట్ల మీద డబ్బులిచ్చి ఉన్నారు. అందులో ఒకాయన, విషయం చెవినపడగానే “ఇచ్చేశాను గదా, నీకు గుర్తులేదు” అన్నాడు. నోటు మాత్రం బీరువాలోనే ఉంది. ప్రోనోటుకు మూడేళ్ల గడువు. కొడుకు మిగిలిన నోట్లన్నీ తీసి లెక్క చూసి, లాయరు నోటీసులిచ్చి కొన్ని రాబట్టాడు. ఆ ఒకాయన దగ్గర సగానికి రాజీపడ్డారు. అప్పటినుంచి ధైర్యంగా చెప్పుకోవాలనుకునే ప్రతి కుటుంబానికీ వరస ఇదని చెబుతున్నాను: ముందు బాకీలు, కాగితాలు, ఆ తర్వాత బజారు.

కావలి సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదన్నారు. అదే కారణమో, ఇంకేమన్నా ఉందో ఎవరూ తవ్వలేదు. తర్వాత గూడూరు నుంచి వచ్చినవాళ్లకు పెళ్లిచూపుల్లోనే తాతే స్వయంగా చెప్పారు. ఆ పెళ్లి జరిగింది.

మందులు, స్కూటరు

అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయించాను. నాడి నెమ్మదించే అవకాశం ఉంటుంది. రాత్రి 5 మిల్లీగ్రాములు వేసుకుంటే పీడకలలు వస్తున్నాయన్నారు, పొద్దుటికి మార్చాం, తర్వాత 10కి పెంచాం. జబ్బును ఆపదు, కొంతకాలం నిలదొక్కుకోవడానికి సాయపడుతుంది. అమెరికాలో ఉన్న మేనల్లుడు కొత్త ఇంజెక్షన్ల గురించి ఫోన్లో చెప్పాడట. లెకనెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అక్కడ పూర్తి అనుమతి వచ్చింది. తొలిదశలో క్షీణతను కొంత నెమ్మదిస్తాయి. మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు కాబట్టి మళ్లీ మళ్లీ ఎమ్మారైలు తీయాలి. ఖర్చు, రాకపోకలు, లాభం మూడూ విడమరిచి చెప్పాక ఆయనే వద్దన్నారు. చెవుడు కొంత ఉంది, వినికిడి యంత్రం పెట్టించాం. ఇంట్లో “గుర్తుందా, ఇందాకే చెప్పాను గదా” అన్న మాట మానేయమన్నాను. భార్య “చెప్పిందే చెప్పి నా నోరు పడిపోతా ఉండాది” అని ఏడ్చారు. ఆమెను రోజూ సాయంత్రం గంటసేపు గుడికో పక్కింటికో పంపడం కోడలి బాధ్యత చేశాం.

స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు ఆయన్ని తీసుకెళ్లవచ్చా అని అడిగారు. లక్షల మంది జనం. పొద్దున్నే రద్దీ లేని వేళ, ఒకరు చెయ్యి వదలకుండా, జేబులో నంబరు పెట్టి తీసుకెళ్లమన్నాను. భార్య ఆరోగ్యం కోరుకుంటూ పట్టే ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చారు.

చిట్టా అప్పగించడానికి ఒప్పుకున్న మనిషి స్కూటరు తాళాలివ్వడానికి ఒప్పుకోలేదు. నా మాటా వినలేదు. మినీ బైపాస్‌లో ఎదురు దారిలో వెళ్లి తృటిలో తప్పించుకున్నాక కొడుకు బండి అమ్మేశాడు. చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఇప్పుడు ఎంఎంఎస్‌ఈ 19. లెక్కలు జారుతున్నాయి, పుట్టి ధర అడిగితే నవ్వి ఊరుకుంటున్నారు. మెమాంటిన్ అనే ఇంకో మందు కలిపాం. “బండి సర్వీసింగ్‌కి ఇచ్చారా?” అని రోజూ అడుగుతున్నారు. అన్నీ నిజమే చెప్పాలన్నారు కదా మేడం, అమ్మేశామని రోజూ చెప్పాలా అని కొడుకు అడిగాడు. అక్కర్లేదన్నాను. ఆ రోజు నిజం చెప్పింది ఆయన దాంతో ఏదన్నా చేసుకోగలడు కాబట్టి. ఇప్పుడు ఆ నిజం రోజూ కొత్తగా తగిలే దెబ్బ. బండి సంగతి అడిగితే ఎక్కడికి పోవాలని ఉందో అడిగి, చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లమన్నాను. సగంసార్లు పాత మిల్లు అంటారట.

ప్రస్తుతం తేలాల్సింది ఒకటుంది. భార్యకు మోకాలి ఆపరేషను అవసరమైంది. ఆ వారాల్లో ఆయన్ని చెన్నై తీసుకెళ్తానని కూతురు అంది. కొత్త ఇంట్లో రాత్రిపూట బాత్రూం దారి కూడా తెలియదు, తికమక ఎక్కువవుతుంది. ఆయన్ని కదిలించే బదులు నువ్వే నెల్లూరు రామ్మా అన్నాను. సెలవు దొరికేదాకా పగటిపూట మనిషిని పెట్టుకోవడానికి వెతుకుతున్నారు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబర్లు కోడలి ఫోన్లో వేయించాను. ఆపరేషను తేదీ ఇంకా ఖాయం చేయలేదు.